తేటనీటి గాలం: ఐజాక్ వాల్టన్ జీవితం

గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి చెరువులలో గాలం వేసేవాడు నీటి రంగును గూర్చి అంతగా ఆలోచించనక్కర లేదు. తొలకరి వానలకు పత్తిచేల మీదుగా దిగివచ్చిన బురదనీటిలో ముల్లుకు వానపామును గ్రుచ్చి, తాడుకు జీలుగు బెండు కట్టి వదిలితే చాలును. అక్కడ చేప కంటిని నమ్ముకొని రాదు. వాసన పట్టుకొని వస్తుంది. కాని వరద తీసి, గుండ్లకమ్మ మడుగులు తేటపడిన నాడు ఆ ఉపాయం సాగదు. అడుగున ఇసుక కనిపించే నీటిలో గట్టు మీది మనిషి నీడ ముందు చేపకే కనిపిస్తుంది. సన్నని తాడు సైతం మోకువలె తోస్తుంది. ఎరను చేప అన్ని ప్రక్కల నుండి పరీక్షించి, తోక ఆడించి వెళ్ళిపోతుంది. ఏ ఎరను ఎన్నుకోవాలన్న ప్రశ్న నిజంగా పుట్టేది తేటనీటిలోనే.

ఇట్టి ప్రశ్నకు ఆంగ్ల సాహిత్యంలో స్థానం కల్పించినవాడు ఐజాక్ వాల్టన్. విచిత్రమేమంటే, దానికి పూర్తి సమాధానం అతనికి తెలియదు. తనకు తెలియదని గ్రహించి, ఎనభై మూడవ ఏట, తనకు కీర్తి తెచ్చిన గ్రంథంలోనే మరొకరికి చోటిచ్చాడు. అతని జీవితంలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన ఘట్టం ఇదే.

వాల్టన్ 1593లో ఇంగ్లండులోని స్టాఫర్డు పట్టణంలో జన్మించాడు. పసితనంలోనే తండ్రి గతించాడు. బాలుడు లండను చేరి, బావగారి వద్ద వర్తకం నేర్చుకొన్నాడు. 1618లో ఇనుప వర్తకుల సంఘంలో సభ్యత్వం లభించినా, అతడు చేసినది బట్టల వ్యాపారం. ఫ్లీటు వీథిలో అంగడి. విశ్వవిద్యాలయపు గడప త్రొక్కినవాడు కాడు. ఆ పేటలోని దేవాలయానికి 1624లో ఆచార్యుడై వచ్చినవాడు మహాకవి జాన్ డన్. వారి మధ్య స్నేహం కుదిరింది. డన్ గతించిన పిమ్మట అతని జీవితచరిత్ర వ్రాయవలసినవాడు సర్ హెన్రీ వాటన్ అనే పండితుడు. అతడు 1639లో మరణించడంతో ఆ భారం బట్టలకొట్టు యజమాని మీద పడింది. 1640లో వెలువడిన ఆ చరిత్ర నేటికీ పఠనీయమే. తరువాత వాటన్, హుకర్, హెర్బర్టు, సాండర్సన్‌ల జీవితాలను కూడా అతడే వ్రాశాడు.

గృహజీవితం మాత్రం దుఃఖభాజనం. 1626లో వివాహమాడిన రేచెల్ వలన కలిగిన ఏడుగురు బిడ్డలలో ఒక్కరూ దక్కలేదు; 1640లో ఆమెయు పోయింది. 1642లో దేశంలో అంతర్యుద్ధం చెలరేగింది. వాల్టన్ రాజపక్షపాతి. 1649లో రాజు శిరస్సు తెగింది. 1651లో వూస్టరు యుద్ధంలో ఓడి పారిపోయిన యువరాజుకు చెందిన ఒక రత్నాభరణాన్ని రహస్యంగా లండనుకు చేర్చే పని ఈ వృద్ధవర్తకుని మీద పడగా, ప్రాణభీతి లేక నెరవేర్చాడు. ఇంతటి కల్లోలం నడుమ 1653లో అతడు ప్రకటించినది చేపలు పట్టే కళను గూర్చిన పుస్తకం: కంప్లీట్ ఆంగ్లర్. ముఖపత్రం మీద తన పేరైనా వేసుకోలేదు.

అది సంభాషణ రూపమైన గ్రంథం. గాలం వేసేవాడొకడు లీ నది ప్రాంతాన తనకు తోడైన బాటసారికి చేపల నడతలు, ఎరల తయారీ నేర్పుతాడు. నడుమ పాటలు, పల్లె పూటకూళ్ళ ఇళ్ళు, పాలు పిదికే పడుచులు. వానపాములను నాచులో ఉంచి శుభ్రపరచడం, పిండిముద్ద కలపడం, పైక్ చేపకు బ్రతికిన కప్పను ముల్లుకు గ్రుచ్చడం మొదలైన వానిలో వాల్టన్ ఘనుడు. కొర్రమీనుకు కప్పను ఎరవేసే మనవారికి ఈ అధ్యాయం క్రొత్త కాదు. అయితే ఆ కప్పను ప్రేమగా పట్టుకోవాలని చెప్పడం మాత్రం కొంత వింతగానే ఉంటుంది. బైరన్ కవి ఈ క్రూరత్వాన్నే ఎత్తిపొడిచాడు.

ఈకలతో, ఉన్నితో ఈగను పోలిన బొమ్మ కట్టి చేపను మోసగించే విద్య వద్దకు వచ్చేసరికి వాల్టన్ పరిజ్ఞానం పలచబడుతుంది. అతడు చెప్పిన పన్నెండు ఈగలు 1496 నాటి ఒక ప్రాచీన గ్రంథం నుండి దిగివచ్చినవే. పట్టిన పెద్ద చేప కడుపు చీల్చి, అందులో ఏది ఉంటే దానినే ఎరగా ఎన్నుకోమన్న చక్కని సలహా ఆ పాత గ్రంథంలోనే ఉన్నది. 1577లో అచ్చయిన మరొక సంభాషణ గ్రంథపు ప్రతి ఒకటి 1954లో బయటపడగా, వాల్టన్ దాని నుండి కూడా ఏమియు చెప్పకుండా గ్రహించినట్లు తేలింది. ఆ కాలపు రచయితలకు ఇది సామాన్యమే అయినా, తప్పు తప్పే.

ఇటువంటివాడు తేటనీటి విషయంలో ఏమి చేశాడో చూడండి. అతనికంటె ముప్పది ఏడేండ్లు చిన్నవాడైన చార్లెస్ కాటన్ అనే మిత్రుడు ఉండేవాడు. మనం ఎరిగిన గోదావరి ఆనకట్ట కాటన్ దొర వేరు. ఇతడు 1630లో పుట్టిన కవి. వర్జిలు మహాకావ్యాన్ని పరిహాసంగా మార్చి వ్రాసినవాడు. నిత్యం అప్పులలో మునిగి తేలేవాడు. భక్తిపరుడైన వాల్టన్‌కు ఇతనితో పొత్తు ఎట్లు కుదిరిందా అని పలువురు ఆశ్చర్యపడ్డారు. కాని కాటన్ అతనిని తండ్రీ అనే సంబోధించేవాడు. అతని నివాసం బెరెస్‌ఫోర్డు, డవ్ నది ఒడ్డున. లీ నది మైదానంలో మందంగా సాగేది. డవ్ సున్నపురాతి కొండల నడుమ వడిగా, స్ఫటికంవలె పారేది. లీ నది విద్య డవ్‌లో చాలదు.

1676లో తన పుస్తకం అయిదవ ముద్రణకు సిద్ధమైనప్పుడు వాల్టన్ ఆ భాగాన్ని కాటన్‌కు అప్పగించాడు. కాటన్ పది రోజుల పైచిలుకులో వ్రాసి పంపాడు. తేటనీటి ప్రవాహంలో ట్రౌట్, గ్రేలింగ్ చేపలను పట్టడమే దాని విషయం. నెలనెలకు పుట్టే పురుగులను బట్టి అరువది అయిదు ఈగలను కట్టే తీరు అందులో వర్ణించాడు. ఎర ఒడలు సన్నగా ఉండాలన్నాడు. లండనులో కట్టిన లావుపాటి ఈగను ఎవరో ఇవ్వగా, నవ్వుకోవడానికి దానిని తన గది కిటికీకి వేలాడదీశాడట! ఉన్ని రంగును చేతిలో చూచి నిర్ణయింపరాదు. కంటికీ సూర్యునికీ నడుమ ఎత్తి పట్టి చూడాలి. నిజమే, క్రింద నుండి చూచే చేపకు ఎర ఆకాశపు వెలుగుకు ఎదురుగానే కదా కనిపించేది! ముల్లు వద్ద తాడు రెండు గుర్రపు వెంట్రుకలకు మించరాదు. నీటికి ఎంత దూరాన నిలబడితే అంత మేలు. ఇరువది అంగుళాల ట్రౌట్‌ను రెండు వెంట్రుకల తాడుతో ఒడ్డుకు తేలేనివాడు గాలం పట్టతగడని అతని తీర్పు.

తరువాతి శతాబ్దాలలో గుర్రపు వెంట్రుక పోయి పట్టు, పట్టు పోయి నైలాన్ వచ్చాయి. అమెరికాలో బ్యాస్ అనే చేపను గూర్చి 1881లో హెన్షల్ అనే వైద్యుడు ప్రత్యేక గ్రంథమే వెలువరించాడు. నేడు ఆ చేపకు రబ్బరు పురుగులు, లోహపు రేకులు వాడుతున్నారు. అయినా నీరు తేటగా ఉన్న నాడు చిన్న ఎర, సహజమైన రంగు, సన్నని తాడు, దూరపు విసురు అన్నదే నేటివారి లెక్క కూడాను. కాటన్ లెక్క అదే.

క్రొత్త భాగం చదివిన వాల్టన్ మార్పులు చేయలేదు, మత్సరించలేదు. మిత్రునికి ప్రేమపూర్వకమైన జాబు వ్రాసి, దానిని తన భాగంతో కలిపి అచ్చువేయించాడు. 1683 ఆగస్టులో, తొంబదవ జన్మదినాన మరణశాసనం వ్రాయ మొదలుపెట్టాడు. స్టాఫర్డులో తన పొలం రాబడిని పేద బాలురకు పని నేర్పించడానికి, పేదపిల్ల పెండ్లికి, శీతకాలంలో బీదలకు బొగ్గు కొనడానికి ఏర్పాటు చేశాడు. ఆ డిసెంబరు 15న వించెస్టరులో కన్నుమూశాడు. కాటన్ నాలుగేండ్ల తరువాత, 1687లో పోయాడు.

బెరెస్‌ఫోర్డు భవనం శిథిలమైపోయింది. కాని డవ్ ఒడ్డున 1674లో కాటన్ కట్టించిన చిన్న రాతిగది నిలిచే ఉన్నది. దాని ద్వారం పైన ఇద్దరి పేర్ల తొలి అక్షరాలు ఒకదానిలో ఒకటి పెనవేసి చెక్కి ఉన్నాయి.