దొడ్డి కొమురయ్య

మన సీమ 1800వ సంవత్సరమున కుంపిణీవారి వశమగుటకు ముందు నిజాము ఏలుబడిలోనిదే. తుంగభద్ర కావలి ప్రజలు మాత్రము 1948 వరకు ఆ నిరంకుశత్వమును భరించిరి.

కొమురయ్య జనగామ తాలూకా కడవెండి గ్రామమున గొఱ్ఱెలకాపరుల యింట జన్మించెను. అచట విసునూరు దేశముఖు ప్రజలచే వెట్టి చేయించుకొనుచు, వారి భూముల నపహరించుచుండెను. నిజాము కొలువున వారి మొఱ నాలకించువారు లేకపోయిరి. కొమురయ్య ఆంధ్రమహాసభ సంఘమున చేరెను. 1946 జూలై 4వ తేదీన ఊరేగింపుపై దేశముఖు మనుష్యులు తుపాకులు కాల్పగా ఆతడు నేలకొరగెను. ఆ మరణముతో తిరుగుబాటు ఊరూర వ్యాపించెను.

1948 సెప్టెంబరులో భారతసైన్యము నిజాము పాలనము నంతమొందించెను. 1949లో జాగీరులు రద్దయ్యెను. అయినను రైతులు పంచుకొనిన భూములు పెక్కులు మరల దొరల వశమయ్యెను. పోరాటము 1951 వరకు సాగెను.

విద్యార్థులారా! సింహాసనము కూలుట వేఱు, దున్నువానికి నేల దక్కుట వేఱు. కొమురయ్య ప్రాణమిచ్చినది రెండవదానికొఱకే.