వంటశాలలో దేవుని సన్నిధి: బ్రదర్ లారెన్స్ జీవితము

మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు నిండించుకొనిన ఈ తరుణమున, ఈ సంచికలో బిషప్పులను గూర్చియు, మిషనరీలను గూర్చియు, దేవాలయములు, పాఠశాలలు, ఆసుపత్రులు కట్టించిన పెద్దలను గూర్చియు మనము చదువుకొనుచున్నాము. అది న్యాయమే. అయితే ఈ నూరు సంవత్సరములలో ఆదివారము తెల్లవారకముందే లేచి గుడి ఊడ్చినవారు, గంట కొట్టినవారు, మహాసభలకు వచ్చిన వందలాది మందికి అన్నము వండి వడ్డించినవారు, హాస్టలు పిల్లలకు గంజి కాచి పోసినవారు ఎందరో యున్నారు. వారి పేర్లు ఏ రిజిస్టరులోను లేవు. వారి పని దేవుని పనిలో లెక్కకు వచ్చునా? పొయ్యి దగ్గర గడచిన జీవితము దేవునితో గడచిన జీవితము కాగలదా? ఈ ప్రశ్నకు తన బ్రతుకుతోనే జవాబు చెప్పిన ఒక వంటవాని చరిత్రను మేమిక్కడ వ్రాయబూనితిమి. ఆయన పేరు బ్రదర్ లారెన్స్.

ఆకులు రాలిన చెట్టు

లారెన్స్ అసలు పేరు నికొలాస్ హెర్మన్. నేడు ఫ్రాన్సు దేశపు తూర్పు భాగముగా నున్న లొరేన్ ప్రాంతములో, లూనెవిల్ పట్టణము దగ్గరి ఎరిమెనిల్ అను పల్లెలో 1614వ సంవత్సర ప్రాంతమున ఆయన జన్మించెను. అప్పటికి లొరేన్ ఒక డ్యూకు పాలనలో నున్న చిన్న రాజ్యము. ఆయన సామాన్య కుటుంబమునకు చెందినవాడు. గొప్ప చదువులు చదివినవాడు కాడు.

పదునెనిమిది ఏండ్ల వయస్సున, ఒక శీతకాలపు దినమున, ఆయన ఒక చెట్టును చూచెను. దాని మీద ఒక్క ఆకైనను లేదు. చూచుటకు ఎండిన మ్రోడువలె నుండెను. కాని కొద్ది కాలములో ఇవే కొమ్మలు చిగిర్చును, పూయును, కాయును గదా అని ఆయన తలంచెను. ఆ తలంపుతో దేవుని శక్తియు, ఆయన సంరక్షణయు ఆ యువకుని హృదయములో ఎంత బలముగా నాటుకొనెననగా, మరణ పర్యంతము అది చెరిగిపోలేదు.

మనమును ఇట్టి చెట్లను ఏటేటా చూచుచునే యున్నాము. మాఘ మాసములో మోదుగ చెట్టు ఆకు రాల్చి బోసిగా నిలుచును. కొన్నాళ్లకే చెట్టంతయు ఎర్రని పూలతో నిండును. మనము బస్సులో దాని ప్రక్కగా సాగిపోవుదుము. లారెన్స్ చూచినది దర్శనము కాదు, అద్భుతము కాదు. అందరు చూచు చెట్టునే ఆయన చూచెను, నిలిచి ఆలోచించెను. మన ప్రభువు కూడ ఆవగింజను, పులిసిన పిండిని, ఇల్లు ఊడ్చి నాణెము వెదకు స్త్రీని చూపియే గదా దేవుని రాజ్యమును బోధించెను!

సిపాయి, సేవకుడు

ఆ చెట్టును చూచిన వెంటనే ఆయన సన్యాసి కాలేదు. 1618 నుండి 1648 వరకు యూరపును దహించిన ముప్పది సంవత్సరముల యుద్ధపు దినములవి. నికొలాస్ సిపాయిగా నుండెను. ఒకసారి జర్మను సైనికులు ఆయనను పట్టుకొని, గూఢచారి యని అనుమానించి, ఉరి తీయుదుమని బెదరించిరి. తాను నిర్దోషినని, చావునకు వెరువనని ఆయన నెమ్మదిగా చెప్పగా విడిచిపెట్టిరి. తరువాత స్వీడను సేనలు రాంబెర్విలే పట్టణము మీద పడినప్పుడు గాయపడి తల్లిదండ్రుల యింటికి చేరెను.

కొంతకాలము ఏకాంతవాసము చేసి చూచెను గాని అక్కడ మనస్సు నిలువలేదు. పిమ్మట ఫ్యుబే అను ఒక ఉన్నతాధికారి యింట సేవకుడుగా కుదిరెను. అక్కడ ఆయన పనితనము మెచ్చుకొనదగినది కాదు. చేతికి వచ్చిన వస్తువునెల్ల పగులగొట్టెడి మొరటువాడనైతినని తానే తరువాత నవ్వుచు చెప్పుకొనెను.

మఠములో పడిన వేదన

1640వ సంవత్సరములో ఆయన పారిస్ నగరమందు వోజిరార్ వీధిలోనున్న కర్మేలు సన్యాసుల మఠములో చేరెను. గురువుగా అభిషేకము పొందుటకు కాదు. మఠపు పనులు చేయు సామాన్య సహోదరుడుగానే చేరెను. 1642లో జీవితకాలపు ప్రమాణములు చేసెను. అక్కడ ఆయనకు పెట్టబడిన పేరు పునరుత్థానపు లారెన్స్. మ్రోడువంటి చెట్టులో రానున్న చిగురును చూచినవానికి ఎంత తగిన పేరు!

తన మొరటుతనమునకు, తప్పులకు ఆ మఠములో తగిన శిక్ష దొరకునని, అట్లు తన జీవితమును దేవునికి అర్పించెదనని తలంచి ఆయన వచ్చెను. కాని అక్కడ తనకు సంతోషమే దొరకెనని, దేవుడు తన అంచనాను తారుమారు చేసెనని తరువాత ఆయన చెప్పెడివాడు.

అయితే ఆ సంతోషము మొదటి దినముననే రాలేదు. ఈ సంగతి మనము మరువరాదు. తాను తప్పక నశించిపోవుదునని, తనకు రక్షణ లేదని నాలుగేండ్లు ఆయన మనస్సు కుమిలిపోయెను. ఎవరు చెప్పినను ఆ భయము తొలగలేదు. మొత్తము మీద మొదటి పదియేండ్లు ఆయన ఆత్మలో మిక్కిలి బాధపడెను. తన పాపములు కన్నుల ముందర నిలిచెను. దేవుడు చేసిన మేలులకు తాను అపాత్రుడనని తోచెను. పడుచు, లేచుచు నుండెను.

కడకు ఆయన ఒక నిశ్చయమునకు వచ్చెను. నశించినను, రక్షింపబడినను, బ్రదికినంత కాలము దేవుని ప్రేమ నిమిత్తమే ప్రతి పని చేయుదునని తీర్మానించుకొనెను. ఫలమును గూర్చిన చింతను దేవునికే విడిచెను. ఆ బాధ ఇక జీవితాంతము తొలగదని తలంచిన వేళనే ఆయనకు గొప్ప సమాధానము కలిగెను. అటు తరువాత ఆ సమాధానము ఆయనను విడువలేదు.

వంటశాల

మఠములో ఆయనకు అప్పగింపబడినది వంట పని. వంట ఆయనకు ఇష్టమైన పనియని మనము తలంచరాదు. స్వభావరీత్యా ఆయనకు ఆ పని మీద ఎంతో అయిష్టత. అయినను పదునైదు సంవత్సరములు ఆ వంటశాలలోనే యుండెను. కాలక్రమమున ఆ పని ఆయనకు సులువాయెను.

ఆయన పద్ధతి మిక్కిలి సులభమైనది. పని మొదలు పెట్టునప్పుడు ఆ పని చేయుటకు దేవుని కృపను అడుగును. పనిలో నుండగా స్నేహితునితో మాటలాడినట్లు దేవునితో మనస్సులో మాటలాడుచుండును. పని ముగిసిన పిమ్మట తాను దానిని ఎట్లు చేసితినని పరీక్షించుకొనును. బాగుగా జరిగినయెడల స్తుతించును. లోపము జరిగినయెడల క్షమాపణ వేడుకొని, దిగులుపడక, మరల దేవుని వైపు తిరుగును. పెనము మీద గ్రుడ్డట్టును తిరుగవేయుట కూడ దేవుని ప్రేమ నిమిత్తమే. అది ముగిసి మరి పని లేనియెడల ఆ నేల మీదనే సాగిలపడి మ్రొక్కి, లేచి మరల పనిలోనికి పోవును. నేలనుండి ఒక గడ్డిపరకను తీయవలసి వచ్చినను దేవుని కొరకే తీయును.

వంటశాల యనగా నిశ్శబ్దమైన స్థలము కాదు. ఒకరు ఇది కావలెనందురు, మరియొకరు అది ఏదందురు. గిన్నెల చప్పుడు, పొగ, తొందర. అట్టి సందడిలోనే ఆయన మోకాళ్ల మీద నున్నంత నెమ్మదిగా దేవుని సన్నిధి ననుభవించెను. ప్రార్థన వేళ వేరు, పని వేళ వేరు అను భేదము ఆయనకు లేకపోయెను. అట్లని మఠమందు నియమింపబడిన ప్రార్థనలను ఆయన మానలేదు. అక్కడ కలిసికొనిన దేవుని వంటశాలలోనికి వెంటబెట్టుకొని పోయెను.

పీపాల మీద పొరలుచు, చెప్పులు కుట్టుచు

ఆ దేశములో భోజనముతో ద్రాక్షారసము పుచ్చుకొనుట సామాన్యము. మన హాస్టళ్లకు ఎవరో ఒకరు పోయి ధాన్యము కొని తెచ్చినట్లే, మఠమునకు కావలసిన ద్రాక్షారసము కొనుటకు లారెన్సును ఒకసారి ఒవేర్న్ ప్రాంతమునకు, మరియొకసారి బుర్గుండి ప్రాంతమునకు పంపిరి. ఆయనకు వ్యాపారము తెలియదు. పైగా ఒక కాలు కుంటిది. పడవలో నడువలేక పీపాల మీద పొరలుచు కదలవలసి వచ్చెను. అయినను ఇది నీ పనియే గదా ప్రభువా అని దేవునికే అప్పగించి వెళ్లెను. పని చక్కగా జరిగెను.

తరువాత కాలి బాధ వలన వంటశాలలో నిలువబడి పని చేయుట కష్టమాయెను. అప్పుడు కూర్చుండి చేయదగిన పనియైన చెప్పులు కుట్టుటకు ఆయనను మార్చిరి. అక్కడను అదే సంతోషము. చెప్పులు కుట్టు పనిని, తోలు పనిని తక్కువగా చూచిన సమాజము మనది. అయితే ఒంగోలు ప్రాంతమున సువార్త ఉద్యమమునకు నాంది పలికిన యెర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారియే యని మన సంఘ చరిత్ర ఎరిగినవారికి తెలియును. 1866లో ఆయన బాప్తిస్మము పొందెను. దేవుడు మనుష్యుని కలిసికొనుటకు వృత్తిని చూడడు.

చివరి దినములు

లారెన్స్ సంగతి మెల్లగా మఠము వెలుపలికి పాకెను. బీదలతో పాటు విద్వాంసులును ఆయనయొద్దకు రాసాగిరి. తరువాత ఆర్చిబిషప్పు అయిన ఫెనెలోన్ వంటి పండితుడు కూడ ఆయన వ్యాధిగా నున్నప్పుడు వచ్చి దర్శించెను. జోసెఫ్ ద బొఫోర్ అను గురువు 1666 నుండి ఆయనతో సంభాషించి, ఆ మాటలను వ్రాసి ఉంచెను. లారెన్స్ మాత్రము తాను గొప్పవాడనని ఎన్నడును తలంచలేదు. 1691 ఫిబ్రవరి 12వ తేదీన, సుమారు డెబ్బదియేడేండ్ల వయస్సున, ఆయన ప్రభువునందు నిద్రించెను. కొద్ది దినములలో దేవుని చూచెదనని ఆశించుచు, మరణమునకు కొన్ని దినముల ముందే ఒక జాబు వ్రాసెను.

ఆయన పుస్తకము వ్రాయలేదు. మిగిలినవి కొన్ని జాబులు, కొన్ని సూక్తులు, బొఫోర్ వ్రాసిన సంభాషణలు మాత్రమే. బొఫోర్ వాటిని 1692లోను, 1694లోను అచ్చు వేయించెను. దేవుని సన్నిధి సాధన అను అర్థమిచ్చు పేరుతో ఆ చిన్న పుస్తకము లోకమంతట వ్యాపించెను. మెథడిస్టు ఉద్యమ నాయకుడైన జాన్ వెస్లీ తన క్రైస్తవ గ్రంథమాలలో దాని భాగములను చేర్చెను. కతోలికుడైన ఒక వంటవాని మాటలను ప్రొటెస్టంటులును ప్రేమతో చదువుకొనిరి. సంఘముల నడుమ గోడలున్నను, వంటశాల పొగ ఆ గోడలను దాటిపోయెను.

మనకు పాఠములు

మొదటిది, మన పని మారనక్కరలేదు, పని చేయు ఉద్దేశ్యము మారవలెను. మన కొరకు చేసికొను పనినే దేవుని కొరకు చేయవలెను. పొలములో నాటు వేయుచున్నను, ఆఫీసులో ఫైలు వ్రాయుచున్నను, ఆటో నడుపుచున్నను, ఆసుపత్రిలో రోగి పక్క మార్చుచున్నను ఇది సాధ్యమే.

రెండవది, భావోద్రేకము మీద ఆధారపడరాదు. పదియేండ్లు శ్రమపడిన తరువాతనే లారెన్సుకు ఆ సమాధానము అలవాటాయెను. ప్రార్థనలో మనస్సు చెదరినదని, దేవుడు దూరమాయెనని దుఃఖించు మనలో అనేకులకు ఇది గొప్ప ఆదరణ. చెదరిన మనస్సును కోపపడక మరల మరల తీసికొని రావలెను.

మూడవది, ఈ చరిత్రను చెప్పి వంట భారమంతయు ఇంటి స్త్రీల మీదనే మోపరాదు. లారెన్స్ పురుషుడు; ఇష్టము లేని వంటను ఇతరుల కొరకు పదునైదేండ్లు చేసినవాడు. మన యిండ్లలోను, మన సంఘ విందులలోను ఆ పాఠము నేర్చుకొనవలసినవారు ముందుగా పురుషులమే గదా!

ఈ శతాబ్ది పండుగలో మనమందరము కూర్చుండి విందు భుజించునప్పుడు, వెనుక పొయ్యిల దగ్గర చెమటతో నిలిచియున్న సహోదరీ సహోదరులను ఒకసారి చూతము. వారి వెనుక నూరేండ్లుగా పేరు లేక సేవ చేసినవారినందరిని జ్ఞాపకము చేసికొందము. తిబెరియ సముద్రతీరమున తన శిష్యుల కొరకు నిప్పుల మీద చేపలు కాల్చి భోజనము సిద్ధపరచిన పునరుత్థానుడైన ప్రభువు వారి సేవను ఎరుగును. అట్టి ప్రభువు మన యిండ్లలోను, మన పనులలోను, మన పొయ్యిల దగ్గరను తన సన్నిధిని మనకు అనుగ్రహించును గాక. ఆమెన్.