అక్విడక్టు మీద ఒక ఇల్లాలి పేరు

సివిల్ వాళ్ళకి అక్విడక్టు అంటే ఇరిగేషన్ పేపర్లో ఒక పెద్ద ప్రశ్న. నాకైతే ఆ మాట వినగానే కోనసీమలోని పి.గన్నవరం గుర్తొస్తుంది. అక్కడ కాలువ నీళ్ళని వైనతేయ నది మీదుగా అవతలి పొలాలకి దాటిస్తారు. 1850ల్లో, కాటన్ దొర కాలంలో కట్టిన పాత అక్విడక్టు ఉండగా, 2000లో కొత్తది వచ్చింది. దానికి ఏ ఇంజనీరు పేరూ పెట్టలేదు, డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆవిడ కట్టిందేమీ లేదు. జీవితమంతా వండి వడ్డించింది.

సీతమ్మ గారు 1841 అక్టోబరులో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు. వచ్చినవాళ్ళకల్లా అన్నం పెడుతుంటే జనం ఆయన్ని బువ్వన్న అని పిలిచేవారట. తల్లి నరసమ్మ గారు చిన్నప్పుడే పోయారు. దాంతో ఇంటి పనంతా ఈ పిల్ల మీద పడింది. బడి చదువు లేదు. లంకల గన్నవరం నుంచి డొక్కా జోగన్న గారనే వేదపండితుడు ఒక మధ్యాహ్నం ఆకలితో వాళ్ళింటికి వచ్చారని, సీతమ్మ మర్యాద చూసి ముచ్చటపడి పెళ్ళి చేసుకున్నారని చెబుతారు. ఆయనకి పొలాలున్నాయి, పాడి ఉంది.

లంకల గన్నవరం గోదావరి పాయల మధ్య ఊరు. నది దాటి రావాలి, దాటి పోవాలి. పడవ దిగేసరికి జనానికి ఆకలి. అలా సీతమ్మ గారిల్లు దారిన పోయేవాళ్ళ మజిలీ అయింది. ఎవరు, ఏ కులం అని అడగడం లేదు. వేళాపాళా లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ వంటిల్లు ఊహించుకోండి. మన హాస్టల్ మెస్‌లో ఎంతమందికి వండాలో ముందే లెక్క ఉంటుంది, అయినా ఆదివారం ఆఖరి బ్యాచ్‌కి కూర మిగలదు. ఆవిడకి లెక్కే లేదు. కట్టెల పొయ్యి, రోలు, నుయ్యి. వానాకాలం అర్ధరాత్రి ఎవరైనా తలుపు కొడితే లేచి, తడి కట్టెలతో మళ్ళీ పొయ్యి రాజెయ్యాలి. అందరూ ఆవిణ్ణి అపర అన్నపూర్ణ అంటారు. నాకు ఆ మాట పూర్తిగా నచ్చదు. దేవత అనేస్తే ఆ పొగా, చెమటా, నడుంనొప్పీ మాయమైపోతాయి.

ఇలా పెడుతూ పోతే ఆస్తి కరగడం మొదలైంది. అప్పుడు జోగన్న గారికి పొలం దున్నుతుంటే బంగారం దొరికిందని ఒక కథ ఉంది. దానికంటే నాకు అంతర్వేది కథే ఇష్టం. నరసింహస్వామిని చూడాలని ఆవిడకి ఎన్నాళ్ళ నుంచో కోరిక. ఎట్టకేలకు ఒకసారి బయల్దేరారు. దారిలో విశ్రాంతికి ఆగినప్పుడు, పక్కన ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని పెద్దవాళ్ళు సముదాయిస్తున్నారు. ఇంకొంచెం దూరం వెళ్తే సీతమ్మ గారిల్లు వస్తుందని, అక్కడ అన్నం తినొచ్చని. ఆ మాట చెవిన పడగానే ఆవిడ వెనక్కి తిరిగారు. వాళ్ళకంటే ముందే ఇంటికి చేరి వంట మొదలుపెట్టారు. అంతర్వేది ఎంతో దూరం కూడా కాదు, అయినా పొయ్యి వదిలి వెళ్ళలేకపోయారు. అది త్యాగమా, బందిఖానానా అని మొదటిసారి విన్నప్పుడు అనుకున్నాను. కానీ వెనక్కి తిరగమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

ఆవిడ పేరు చివరికి ఇంగ్లండు దాకా పోయింది. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవానికి పిలుపొస్తే వెళ్ళనన్నారట. పోనీ ఫోటో అయినా తీయించుకోమంటే దానికీ ఒప్పుకోలేదు. తన పంతం వల్ల పాపం ఆ ఉద్యోగి కొలువు పోతుందని తెలిశాకే కెమెరా ముందు కూర్చున్నారని చెబుతారు.

1909 ఏప్రిల్ 28న సీతమ్మ గారు కన్నుమూశారు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో పిల్లలు మధ్యాహ్నం తినే భోజనం ఆవిడ పేరు మీదే వడ్డిస్తున్నారు.