పియానోకి కొంచెం ఎక్కువ ఫీజు



స్పోర్ట్స్ డే నాడు మన పిల్లలు రెండుసార్లు కాలు నేలకేసి కొట్టి, ఒకసారి చప్పట్లు చరుస్తూ ఒక ఇంగ్లిష్ పాట పాడతారు, వినే ఉంటారు. అది క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్ పాట. పాడింది ఫ్రెడ్డీ మెర్క్యురీ. ఆయన మన దేశంలోనే, మహారాష్ట్రలో ఒక బోర్డింగ్ స్కూల్లో చదువుకున్నారని చెబితే మా నైన్త్ క్లాస్ పిల్లలు నవ్వేశారు. గూగుల్‌లో చూపించాకే నమ్మారు.

అసలు పేరు ఫరోఖ్ బల్సారా. పార్సీ కుటుంబం. 1946 సెప్టెంబర్ 5న ఆఫ్రికా తీరంలోని జాంజిబార్ దీవిలో పుట్టారు. (మనకు టీచర్స్ డే కదా, అందుకే ఈ తేదీ నాకు బాగా గుర్తు.) తండ్రి బోమీ అక్కడి బ్రిటిష్ ప్రభుత్వ కార్యాలయంలో క్యాషియర్. ఎనిమిదేళ్ల పిల్లాడిని ఓడ ఎక్కించి పంచ్‌గనిలోని సెయింట్ పీటర్స్ స్కూల్‌కి పంపారు. పిల్లల్ని హాస్టల్లో వేసిన వాళ్లకి ఆ మొదటి రాత్రి ఎలా గడుస్తుందో తెలుసు. వాళ్లకైతే మధ్యలో ఏకంగా ఒక సముద్రమే ఉంది.

కొన్నాళ్లకి ప్రిన్సిపాల్ నుంచి ఇంటికి ఉత్తరం వెళ్లింది. పిల్లాడికి సంగీతం బాగా వస్తోంది, కొంచెం ఎక్కువ ఫీజు కడితే పద్ధతిగా నేర్పిస్తామని. ఇలాంటి సర్క్యులర్ స్కూల్ నుంచి వస్తే మీ ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో ఊహించగలను! పీటీఎంలో నేను కూడా ముందు తీసేది మార్కుల షీటే. బల్సారా దంపతులు మాత్రం సరేనన్నారు. పిల్లాడు పియానోలో ఫోర్త్ గ్రేడ్ దాకా పాసయ్యాడు. మరో నలుగురితో కలిసి హెక్టిక్స్ అని స్కూల్ బ్యాండ్ కూడా పెట్టాడు. ఫ్రెడ్డీ అనే పిలుపు కూడా ఆ స్నేహితులదే.

1964లో జాంజిబార్‌లో విప్లవం వచ్చింది. కుటుంబం ఉన్నపళంగా ఇంగ్లాండ్ వెళ్లిపోయింది. ఫ్రెడ్డీ లండన్‌లో ఆర్ట్ కాలేజీలో గ్రాఫిక్ డిజైన్ చదివి, మార్కెట్‌లో పాత బట్టలు అమ్మి, 1970లో క్వీన్‌లో చేరారు.

ఇప్పుడు నాకు ఎంతో ఇష్టమైన పాట దగ్గరికి వస్తాను. 1975 ఆల్బమ్‌లోని ‘లవ్ ఆఫ్ మై లైఫ్’. హోరెత్తించే గిటార్ల మధ్య అదొక్కటీ మెత్తని ప్రేమ పాట. ఫ్రెడ్డీ పియానో వాయిస్తే, గిటారిస్ట్ బ్రయన్ మే హార్ప్ తెచ్చి ముక్కముక్కలుగా రికార్డ్ చేశారు. అప్పట్లో ఫ్రెడ్డీ సహచరి మేరీ ఆస్టిన్. ఆమె కోసమే రాశారని అభిమానుల నమ్మకం. తర్వాత కొద్దికాలానికే ఆ బంధం ముగిసింది. తాను పురుషుల్ని ఇష్టపడతానని ఆయనే ఆమెకు చెప్పారు. అయినా చివరిదాకా ఆమే ఆయనకు అత్యంత ఆప్తురాలు. పాట కూడా ఆయనతోనే ఉండిపోయింది, వేషం మాత్రం మార్చుకుంది. స్టేజీ మీద పియానో లేదు, హార్ప్ లేదు. బ్రయన్ పన్నెండు తీగల గిటార్, పక్కన ఫ్రెడ్డీ, అంతే. 1981లో దక్షిణ అమెరికా వెళ్తే, ఇంగ్లిష్ మాతృభాష కాని ఆ జనం పాటంతా వాళ్లే పాడేశారు. ఫ్రెడ్డీ పాడటం ఆపి వింటూ నిలబడ్డారు.

ఆయన ఒక్క స్టయిల్‌కి ఎప్పుడూ కట్టుబడలేదు. రాక్ పాట మధ్యలో ఒపెరా పెట్టారు. 1979లో ఎల్విస్ కాలం నాటి పద్ధతిలో, తనకు అంతంతమాత్రంగా వచ్చే గిటార్ మీద ఒక పాట కట్టారు. అది అమెరికాలో నంబర్ వన్ అయింది. 1982లో డిస్కో వైపు వెళ్తే పాత అభిమానులకు కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ ఆల్బమ్ మొత్తం నేనూ ఒక్కసారిగా వినలేను. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. 1988లో ఏకంగా స్పెయిన్ ఒపెరా గాయని మాంట్సెరాట్ కబాయేతో కలిసి ‘బార్సిలోనా’ ఆల్బమ్ చేశారు. నలభై దాటిన రాక్ గాయకుడు ఒపెరా వేదిక మనిషి పక్కన నిలబడి పాడాలంటే ఎంత ధైర్యం కావాలో సంగీతం నేర్చుకున్న వాళ్లకు అర్థమవుతుంది.

అప్పటికే ఆయనకు ఎయిడ్స్. 1991 నవంబర్ 24న, 45 ఏళ్లకే పోయారు. అంత్యక్రియలు పార్సీల జొరాస్ట్రియన్ పద్ధతిలో జరిగాయి, తల్లిదండ్రులు దగ్గరుండగా. లండన్‌లోని తన ఇంటిని మేరీ ఆస్టిన్‌కి రాసి వెళ్లారు.

ఈ ఆదివారం వీలైతే ‘లవ్ ఆఫ్ మై లైఫ్’ రెండుసార్లు పెట్టండి. ముందు 1975 రికార్డింగ్, తర్వాత 1985లో రియో నగరంలో జనంతో కలిసి పాడింది. మా క్లాసులో ఏది బాగుందని చేతులెత్తమంటే సగం సగం అయ్యారు. మీ పిల్లలు ఎటువైపో డైరీలో రాసి పంపండి.