వేడిని లెక్కపెట్టిన లార్డ్ కెల్విన్



ఈ నెల గోడపత్రికలో మహనీయుల జీవితం అనే శీర్షికకు నన్ను రాయమన్నారు. గాంధీ గారి గురించి, అల్లూరి సీతారామరాజు గారి గురించి ఇంతకుముందే అక్కలు రాసినారు. నేను లార్డ్ కెల్విన్ అనే శాస్త్రవేత్త గురించి రాస్తున్నాను. ఈయన్నే ఎందుకు ఎంచుకుంటినో ముందు చెప్తాను.

ఎండాకాలం సెలవుల్లో మా అమ్మతో రాయదుర్గం బజారుకు పోయేదాన్ని. అమ్మ కలింగర కాయలు అమ్ముతాది. ఒక పెద్ద అంగడి పక్క సందులో కూర్చుంటాది. ఆ గోడ నీడ తప్ప అక్కడ వేరే నీడ లేదు. ఆ గోడకు మోకాలి ఎత్తులో ఒక తెల్ల పెట్టె బిగించినారు. దాంట్లో ఫ్యాను తిరుగుతా మా మీదికి సెగ కొడతా ఉంటాది. అంగడి తలుపు తెరిచినప్పుడల్లా లోపల నుంచి చల్లగాలి వచ్చేది. ఒక దినం కళ్ళు తిరిగి పడిపోతి. అమ్మ మొహాన నీళ్ళు చల్లింది. లోపల అంత చల్లగా ఉంటే బయట ఈ పెట్టె ఇంత వేడి ఎందుకు పుట్టిస్తాదో నాకు తెలియలేదు. బడి తెరిచినాక సైన్స్ మేడమ్‌ను అడిగితి. మేడమ్ లైబ్రరీ నుంచి పుస్తకం తీసిచ్చి ముందు ఈయన గురించి చదవమన్నారు.

కెల్విన్ గారి అసలు పేరు విలియం థామ్సన్. ఆయన 1824వ సంవత్సరం జూన్ 26న ఐర్లండు దేశంలోని బెల్ఫాస్టు నగరంలో జన్మించారు. ఆయన తండ్రి జేమ్స్ థామ్సన్ ఒక రైతు కొడుకు. సొంతంగా చదువుకొని లెక్కల ఉపాధ్యాయుడు అయినారు. ఇది చదివినప్పుడు నాకు చాలా సంతోషమయింది. ఆ ఇంట్లో కూడా చదువు ఒక మనిషితోనే మొదలయింది. మా ఇంట్లో నాతో మొదలయినట్టు.

విలియంకు 6 ఏండ్లప్పుడు తల్లి చనిపోయింది. 1832లో తండ్రికి స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వస్తే పిల్లలందరినీ తీసుకొని అక్కడికి పోయినారు. ఆడపిల్లలకు, మగపిల్లలకు తండ్రే పాఠాలు చెప్పినారు. విలియం 10 ఏండ్లకే ఆ విశ్వవిద్యాలయంలో చేరినాడు. అక్కలకు మాత్రం అక్కడ చోటు లేదు. ఆ విశ్వవిద్యాలయం ఆడవాళ్ళను చేర్చుకున్నది 1892లోనే. అయినా ఆయన అక్క ఎలిజబెత్ తమ చిన్ననాటి ఇంటి గురించి పుస్తకం రాసింది.

తర్వాత విలియం కేంబ్రిడ్జిలో చదివి, 1846లో 22 ఏండ్లకే గ్లాస్గోలో ప్రొఫెసరు అయినారు. 53 సంవత్సరాలు అక్కడే పాఠాలు చెప్పినారు. పిల్లలు తమ చేతులతో ప్రయోగాలు చెయ్యాలని ఒక పాత నేలమాళిగను ప్రయోగశాలగా మార్చినారు.

1848లో ఆయన వేడిని కొలిచేదానికి కొత్త కొలత చెప్పినారు. మన థర్మామీటరులో నీళ్ళు గడ్డకట్టేచోట సున్నా ఉంటాది. కానీ అక్కడ వేడి అయిపోలేదు. ఇంకా 273 డిగ్రీలు కిందికి పోతేనే అసలైన సున్నా. కెల్విన్ కొలతలో మంచు 273, మన రాయదుర్గం ఎండ 40 డిగ్రీలు అంటే 313. చూడండి, మంచుకూ మన ఎండకూ తేడా 40 మాత్రమే. అంటే మంచు కురిసే చోట గాలిలో కూడా చాలా వేడి దాగి ఉండాది. మనకు చలి వేస్తాది కాబట్టి అక్కడ వేడి లేదనుకుంటాము.

1852లో ఆయన ఇంకొక సంగతి చెప్పినారు. నీళ్ళు పల్లానికి పారినట్టే వేడి కూడా వేడిగా ఉన్నచోటు నుంచి చల్లగా ఉన్నచోటికి తనంతట తానే పోతుంది. వెనక్కి పంపాలంటే పని చెయ్యాలి. యంత్రంతో ఆ పని చేయిస్తే ఇంటిని వేడిగానూ పెట్టవచ్చు, చల్లగానూ పెట్టవచ్చని ఆయన లెక్క కట్టి చూపించినారు. దీన్నే ఇప్పుడు హీట్ పంపు అంటారు. మన ఊర్లలో బోరు మోటారు నీళ్ళను పుట్టించదు, కింద ఉన్న నీళ్ళను పైకి తెస్తుంది. హీట్ పంపు కూడా అంతే. వేడిని పుట్టించే దానికంటే ఒకచోటు నుంచి ఇంకొకచోటికి మోసేది ఎక్కువ. బోరు లోతు పెరిగితే మోటారుకు కరెంటు ఎక్కువ పట్టినట్టే, బయట ఎండ పెరిగేకొద్దీ దీనికీ కరెంటు ఎక్కువ పడుతుంది.

కెల్విన్ గారు తన యంత్రాన్ని గాలితో నడపాలని అనుకున్నారు. ఇప్పుడు అంగళ్ళలో ఉండే స్ప్లిట్ ఏసీ వేరే రకం, కానీ సూత్రం అదే. పెద్ద భవనాలలో చల్లగాలిని గదులకు పంపేదానికి పెద్ద రేకు గొట్టాలు ఉంటాయి. స్ప్లిట్ ఏసీకి అవి అక్కరలేదు. గదిలో ఒక పెట్టె, బయట ఒక పెట్టె, గోడకు చిన్న రంధ్రం, దాంట్లో రెండు సన్న రాగి గొట్టాలు, కరెంటు తీగ. లోపలి పెట్టెలో ఊరే నీళ్ళు బయటికి పోయేదానికి ఇంకొక గొట్టం.

అది ఎట్లా పని చేస్తుందో చెప్తాను. సూది వేసే ముందు నర్సు చేతికి స్పిరిట్ పూస్తే చల్లగా అనిపిస్తాది కదా. స్పిరిట్ ఆవిరి అవుతా మన చేతి వేడిని తీసుకొని పోతుంది. మట్టికుండలో నీళ్ళు చల్లబడేది కూడా ఇందుకే. అట్లనే రాగి గొట్టంలో ఉండే ద్రవం లోపలి పెట్టెలో ఆవిరి అవుతా గదిలోని వేడిని పీల్చుకుంటుంది. ఆ ఆవిరి బయటి పెట్టెకు పోతుంది. అక్కడ కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కుతుంది. సైకిలుకు గాలి కొడితే పంపు వేడెక్కినట్టు ఆవిరి బాగా వేడెక్కుతుంది, బయటి ఎండకంటే ఎక్కువగా. అందుకే అది తన వేడిని బయటి గాలికి వదిలి మళ్ళీ ద్రవం అవుతుంది. తర్వాత సన్నటి దారి గుండా పోతే ఒత్తిడి తగ్గి చల్లబడి మళ్ళీ లోపలికి వస్తుంది. ఇట్లా తిరుగుతానే ఉంటుంది.

కొన్ని ఏసీలలో ఒక వాల్వు తిప్పితే ఈ దారి తారుమారు అవుతుంది. అప్పుడు బయటి చల్లగాలిలోని వేడిని పీల్చి గదిలో వదులుతుంది. చలి దేశాలలో ఇండ్లను ఇట్లా వెచ్చగా పెట్టుకుంటారు. మంచు గాలిలోనూ వేడి ఉండాదని కెల్విన్ కొలత చెప్పింది కదా, అదే ఇక్కడ పనికొస్తుంది. మన రాష్ట్రంలో శ్రీసిటీలో ఏసీలు తయారు చేసే ఫ్యాక్టరీలు ఉన్నాయి.

ఇప్పుడు మా అమ్మ సంగతికి వస్తాను. ఏసీ 1 యూనిట్ కరెంటు తీసుకొని సుమారు 3 యూనిట్ల వేడిని గది నుంచి లాగుతుంది. బయటికి వచ్చేది 3 కాదు, 4. మోటారు తిన్న 1 యూనిట్ కూడా వేడిగా మారి దాంట్లో కలుస్తుంది. ఈ లెక్క చేసినాక నాకు అర్థమయింది. అంగడిలోని వేడి మాయం కాలేదు. ఇంకొంచెం కలుపుకొని మా అమ్మ మీదికి వచ్చింది.

కెల్విన్ గారి పని ఇంతటితో అయిపోలేదు. అట్లాంటిక్ సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగ వేసే ఓడల్లో తిరిగినారు. 1858లో వేసిన తీగ కొన్ని వారాలకే చెడిపోయింది. విడిచిపెట్టలేదు. 1866లో జయించినారు. 1892లో ప్రభుత్వం లార్డ్ బిరుదు ఇస్తే, తన విశ్వవిద్యాలయం పక్కన పారే కెల్విన్ ఏరు పేరు పెట్టుకున్నారు. ఆయన తప్పులు కూడా చేసినారు. భూమి వయసు 2 కోట్ల నుంచి 40 కోట్ల సంవత్సరాల మధ్య ఉంటుందని 1862లో లెక్క కట్టినారు. అసలు వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలు. కాబట్టి లెక్క తప్పితే మనం సిగ్గుపడి ఏడ్వకూడదు.

1899లో ఉద్యోగం వదిలినాక, 75 ఏండ్ల వయసులో, అదే విశ్వవిద్యాలయంలో మళ్ళీ విద్యార్థిగా పేరు రాయించుకున్నారు. ఇది మా అమ్మకు చెప్పితి. ఈ వయసులో చదువు రాదని అమ్మ ఎప్పుడూ అంటాది. ఈసారి ఏమీ అనలేదు. పోయిన ఆదివారం నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు తన పేరులో మొదటి అక్షరం నేర్చుకొని పోయింది.

కెల్విన్ గారు 1907 డిసెంబరు 17న మరణించారు. లండన్‌లో న్యూటన్ గారి సమాధి పక్కన ఆయన్ను పూడ్చినారు.

చివరగా ఒక మనవి. పదో తరగతి అయినాక మీలో కొందరు ఐటీఐలో ఏసీ పని నేర్చుకుంటామని అంటున్నారు. బయటి పెట్టె బిగించే ముందు దాని ముందర ఎవరు కూర్చుంటారో చూడండి. మిద్దె మీదనో, మనిషి ఎత్తుకంటే పైననో పెడితే గొట్టం కొంచెం పొడుగు పడుతుంది, అంతే. దసరా సెలవుల్లో నేను ఆ అంగడి సారును ఇదే అడుగుతాను. నాకు భయంగానే ఉంది. అయినా లెక్క కాగితం మీద రాసుకొని పోతాను.

మీకు ఒక ప్రశ్న: మన వరండాలోని థర్మామీటరు చూసి ఈ రోజు వేడి ఎన్ని కెల్విన్లో చెప్పండి. జవాబు కింద ఖాళీలో రాయండి.

ఇట్లు,
మీ చెల్లెలు,
9వ తరగతి