సరిహద్దు బయట మిగిలిన సగం: ఇస్మాయిల్ కెమాలి

కెమాల్ అనగానే మనందరికీ టర్కీ ముస్తఫా కెమాల్ గుర్తుకొస్తాడు. మేము రాస్తున్నది ఆయన గురించి కాదు, అల్బేనియా తొలి ప్రభుత్వాన్ని నడిపిన ఇస్మాయిల్ కెమాలి గురించి.

ఆయన 1844లో ఏడ్రియాటిక్ సముద్రతీరంలోని వ్లోరా పట్టణంలో, పలుకుబడి గల కుటుంబంలో జన్మించారు. అప్పట్లో అల్బేనియన్ల నేలంతా టర్కీ సుల్తాను ఏలుబడిలోనే ఉండేది. యానినా పట్టణంలోని గ్రీకు పాఠశాలలో చదివి, సుల్తాను కొలువులో చేరి, గవర్నరు పదవి దాకా ఎదిగారు. సుల్తానుతో పొసగక 1900లో దేశం విడిచారు. 1908 విప్లవం తర్వాత తిరిగివచ్చి పార్లమెంటు సభ్యులయ్యారు.

అసలు కథ 1912 అక్టోబరులో మొదలైంది. సెర్బియా, బల్గేరియా, గ్రీసు, మాంటెనెగ్రో జట్టుకట్టి టర్కీ మీద యుద్ధానికి దిగాయి. టర్కీ ఓడితే తమ ఊళ్లను ఈ నాలుగు దేశాలూ పంచుకుంటాయని కెమాలి గ్రహించారు. 68 ఏళ్ల వయసులో బుకారెస్టు, వియన్నా తిరిగి మద్దతు కూడగట్టి, ఓడలో స్వదేశం చేరారు. నవంబరు 28న వ్లోరాలో స్వాతంత్ర్యం ప్రకటించి జెండా ఎగరేశారు. జెండా అయితే ఎగిరింది గానీ, ఆయన మాట చెల్లింది వ్లోరా చుట్టుపక్కలే. సెర్బియా సేనలు సముద్రం దాకా వచ్చేశాయి. గ్రీకు ఓడలు రేవును దిగ్బంధించాయి.

సెర్బియాకు కావలసింది సముద్రతీరం. ఆస్ట్రియా, ఇటలీ దానికి అడ్డుపడి, అక్కడ అల్బేనియా ఉండాలని పట్టుబట్టాయి. ఆ నష్టాన్ని సెర్బియా మాసిడోనియాలో పూడ్చుకోవాలని చూసింది. అక్కడ చాలా భాగం బల్గేరియాకు ఇస్తామని ముందే ఒప్పుకున్న నేల! దాంతో జట్టు చెడింది. 1913 జూన్ చివర బల్గేరియా నిన్నటి మిత్రుల మీదే దాడి చేసి చిత్తుగా ఓడింది. ఆగస్టులో బుకారెస్టు ఒప్పందం జరిగింది. టెటోవో, దిబ్రా ప్రాంతాల అల్బేనియన్లు సెర్బియా కిందే ఉండిపోయారు.

ఈలోగా లండన్‌లో ఆరు అగ్రరాజ్యాల రాయబారులు అల్బేనియాను స్వతంత్ర దేశంగా ఒప్పుకున్నారు. కానీ కొసావో సెర్బియా, మాంటెనెగ్రోలకు పోయింది. దక్షిణాన చామెరియా గ్రీసుకు దక్కింది. అల్బేనియన్లు వెళ్లి మొరపెట్టుకున్నారే తప్ప, నిర్ణయంలో వారికి ఓటు లేదు. దాదాపు సగం మంది గీత అవతలే మిగిలిపోయారు.

కెమాలి పదవి కూడా నిలవలేదు. టర్కీ సేనానిని రాజుగా తెచ్చే కుట్రలో ఆయనకూ భాగముందన్న ఆరోపణ వచ్చి, 1914 జనవరిలో తప్పుకున్నారు. అందులో నిజమెంతైనా, ఆ జెండా ఎగరేసిన గౌరవం ఆయనదేనని మా అభిప్రాయం. 1919లో ఇటలీలోని పెరూజియాలో కన్నుమూశారు.

కొసావో 2008 ఫిబ్రవరి 17న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, అల్బేనియాలో కలవకుండా వేరే దేశంగానే. అయినా నవంబరు 28ని అక్కడి అల్బేనియన్లు కూడా జెండా పండుగగా జరుపుకుంటారు.