వెలుతురు తెలిసిన మనిషి: రాజా దీన్ దయాళ్



ఏటా ఐడీ కార్డుల కోసం మీరు పంపే ఫోటోలు క్లాస్ టీచర్‌గా నా చేతికే వస్తాయి. కొన్నింటిలో పిల్లల ముఖం సగం చీకటిగా ఉంటుంది. కొన్నింటిలో ఫ్లాష్ పడి కళ్లు ఎర్రగా కనిపిస్తాయి. మా ఫోన్ ఖరీదైంది కాదు మేడమ్ అని కొందరు అమ్మలు మొహమాటపడతారు. నిజానికి ఫోన్ కన్నా వెలుతురే ముఖ్యం. ఆ వెలుతురును నమ్ముకుని మన నగరంలో పేరు తెచ్చుకున్న ఒకాయన గురించి ఈ నెల తెలుసుకుందాం.

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో, నగల వ్యాపారం చేసే జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇండోర్‌లో ప్రభుత్వ ఉద్యోగంలో చేరారు. భవనాల లెక్కలు వేయడం, నక్షాలు గీయడం ఆయన పని. ముప్ఫై ఏళ్ల వయసులో, 1874లో, సరదాగా కెమెరా పట్టుకున్నారు. ఆ సరదాయే ఆయన జీవితం అయింది. కొన్నాళ్లకు ఉద్యోగం వదిలేసి పూర్తిగా ఫోటోలనే నమ్ముకున్నారు. ఇంట్లో పిల్లలున్న మనిషికి అది చిన్న నిర్ణయం కాదు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనను ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా నియమించారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. నిజాం ఆయనకు రాజా బిరుదు ఇచ్చారు. 1897లో విక్టోరియా మహారాణి నుంచీ నియామకం వచ్చింది. రాజులను, ప్యాలెస్‌లను తీసిన ఆ చేతులే కరువు రోజుల్లో సాగిన సహాయక పనులను కూడా ఫోటోలు తీశాయి.

అప్పట్లో స్టూడియోలు కరెంటు దీపాల మీద నడిచేవి కావు. అద్దాల కప్పులోంచో పెద్ద కిటికీలోంచో వచ్చే పగటి వెలుతురే ఆధారం. ఎండ ఎక్కువైతే తెర లాగేవారు. ముఖానికి రెండో వైపు నీడ ఎక్కువైతే తెల్లని గుడ్డో బోర్డో అడ్డుపెట్టి వెలుతురును మళ్లించేవారు.

ఆయన చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది 1892 నాటిది. ఘోషా పాటించే ఇళ్లలోని స్త్రీలు మగ ఫోటోగ్రాఫర్ ముందు కూర్చునేవారు కారు. వారి కోసం హైదరాబాద్‌లో ఎత్తైన గోడల మధ్య జనానా స్టూడియో పెట్టి, దాన్ని కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు మహిళకు అప్పగించారు. లోపలంతా ఆడవాళ్లే. దాంతో ఎవరి పద్ధతీ మారకుండానే అమ్మల ఫోటోలు కూడా ఇళ్లకు చేరాయి.

1905లో ఆయన కన్నుమూశారు. ఆ స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో కొని భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

ఈ ఆదివారం మీరూ ప్రయత్నించండి. ఉదయం పూట, నేరుగా ఎండ పడని కిటికీ పక్కన పిల్లలను కూర్చోబెట్టండి. ట్యూబ్‌లైట్, ఫ్లాష్ ఆపేయండి. కిటికీకి ఎదురువైపు తెల్ల దుప్పటో థర్మకోల్ షీటో పట్టుకోండి. ఫోన్‌ను బిడ్డ కళ్ల ఎత్తుకు దించండి. మన పాతబస్తీ గల్లీల్లో కిటికీకి ఎదురుగా గోడే ఉంటే, గుమ్మం దగ్గరైనా డాబా మీద నీడలోనైనా సరిపోతుంది. ఖర్చు ఏమీ లేదు. ఒక్క ఫోటోనైనా ప్రింట్ తీయించి, వెనక పేరు, తేదీ రాసి దాచండి. ఫోన్ పోతే అందులోని ఫోటోలూ పోతాయి.

మీ పాప ఫోటోను స్కూల్లో మేడమే తీయాలని మీరు అనుకుంటే డైరీలో ఒక్క మాట రాయండి. నేనే తీస్తాను, కిటికీ పక్కనే.